రాగిజావ తాగినా షుగరు ఎందుకు పెరిగింది? బెంగళూరులో ఒక టిఫిన్ కేసు

బెంగళూరు దక్షిణాన బొమ్మనహళ్లి, హొంగసంద్ర, బేగూరు రోడ్డు ప్రాంతాల్లో గార్మెంట్స్ పనికి వెళ్లే ఆడవాళ్లలో తెలుగు మాట్లాడేవారు చాలామంది ఉన్నారు. కదిరి, హిందూపురం, మదనపల్లె వైపు నుంచి ఎన్నో ఏళ్ల కిందట వచ్చి ఇక్కడే స్థిరపడిన కుటుంబాలు వారివి. ఆ ప్రాంతంలోని ఒక చిన్న క్లినిక్‌లో డైటీషియన్‌గా పనిచేస్తున్న నేను, అలాంటి కుటుంబానికి చెందిన నలభై ఏడేళ్ల మహిళ కేసును ఆమె అనుమతితో ఇక్కడ రాస్తున్నాను. ఆమెను గుర్తుపట్టడానికి వీలయ్యే వివరాలను మార్చాను.

టైప్ 2 మధుమేహం అని తేలిన మొదటి వారంలో దాదాపు ప్రతి ఒక్కరూ నన్ను అడిగే ప్రశ్న ఒకటే: "పొద్దున ఏం తినాలి మేడం?" మధ్యాహ్నం అన్నం తగ్గించాలనీ, రాత్రి రొట్టె తినాలనీ వారికి ఎవరో ఒకరు అప్పటికే చెప్పి ఉంటారు. పొద్దుటి పూట దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఇడ్లీ, దోశ, ఉప్మా, బొరుగులతో (మరమరాలతో) చేసే ఉగ్గాణి అన్నీ ఒక్కసారిగా నిషిద్ధమైపోయినట్టు అనిపించి దిక్కు తోచదు. ఈ కేసులో ఆ ప్రశ్నకు నేను మొదట ఇచ్చిన సమాధానం తప్పు. సరైన సమాధానం ఆమె వంటింట్లోనే ఉంది, దాన్ని గ్లూకోమీటరుతో వెతికి పట్టుకోవడానికి మాకు రెండు నెలలు పట్టింది.

వచ్చినప్పటి స్థితి

ఆమె గార్మెంట్స్ ఫ్యాక్టరీలో కుట్టు పూర్తయిన బట్టలను తనిఖీ చేసే పనిలో ఉన్నారు. కుట్టు వరసలు మసకగా కనిపిస్తున్నాయని కళ్లద్దాల దుకాణానికి వెళితే ఒక పవరు ఇచ్చారు, నెలన్నర తిరగకముందే అది సరిపోకుండా పోయింది. రక్తంలో చక్కెర బాగా పెరిగినప్పుడు కంటి కటకంలో నీటి పరిమాణం మారి చూపు అటూ ఇటూ అవుతుంది. రెండోసారి పరీక్షించిన కంటి డాక్టరుకు ఆ అనుమానం వచ్చి రక్తపరీక్ష చేయించమన్నారు. రక్తంలో చక్కెర పరగడుపున డెసిలీటరుకు 168 మిల్లీగ్రాములు, తిన్న రెండు గంటలకు 291, హెచ్‌బీఏ1సీ 8.6 శాతం వచ్చాయి. పరగడుపున 126, హెచ్‌బీఏ1సీ 6.5 లేదా అంతకు మించి ఉంటే మధుమేహం అంటాం కాబట్టి ఇందులో సందేహానికి తావు లేదు. ఆ 8.6 అనే అంకెకు అర్థం గత రెండు మూడు నెలలుగా ఆమె రక్తంలో చక్కెర సగటున 200 దగ్గర తిరుగుతోందని.

ఎత్తు 154 సెంటీమీటర్లు, బరువు 66 కిలోలు, నడుము చుట్టుకొలత 92 సెంటీమీటర్లు. భారతీయ స్త్రీలకు నడుము 80 సెంటీమీటర్లు దాటితేనే జాగ్రత్తపడాలి. తల్లికి మధుమేహం ఉండేది. మూత్రపిండాల పరీక్షలు, మూత్రంలో ఆల్బుమిన్, కంటి రెటీనా మామూలుగానే ఉన్నాయి. పప్పుధాన్యాలతో మాంసకృత్తులు పెంచమని చెప్పే ముందు మూత్రపిండాల సంగతి చూడటం నాకు తప్పనిసరి కాబట్టి ఆ ఫలితాలు వచ్చేదాకా ఆగాను. డాక్టరు మెట్‌ఫార్మిన్ 500 మిల్లీగ్రాములు పొద్దున, రాత్రి తిన్న తర్వాత వేసుకోమన్నారు. ఇన్సులిన్‌ గానీ, శరీరం చేత ఇన్సులిన్ ఎక్కువగా విడుదల చేయించే గ్లిమెపిరైడ్ వంటి మందు గానీ రాయలేదు. టిఫిన్ విషయంలో ఇది ముఖ్యమైన సంగతి. గ్లిమెపిరైడ్ వేసుకునేవారు డాక్టరుకు చెప్పకుండా పిండిపదార్థాలను ఒక్కసారిగా తగ్గించినా, టిఫిన్ ఆలస్యం చేసినా చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. ఈ కేసులో చేసిన ప్రయోగాలను వారు యథాతథంగా అనుసరించకూడదు.

నేను ఇచ్చిన మొదటి కాగితం

మొదటిరోజు ఆమెకు నేను ఇచ్చింది అచ్చువేసి ఉంచుకున్న ఆహారపట్టిక. అందులో ఓట్స్, మొలకలు, వెన్న తీసిన పాలు, గోధుమ రొట్టెలు, ఒక ఆపిల్ ఉన్నాయి. ఆ రోజు బయట వరసలో పదిహేను మంది కూర్చుని ఉన్నారు, నేను తొందరపడ్డాను. రెండు వారాల తర్వాత ఆమె తిరిగి వచ్చినప్పుడు బరువు రెండు కిలోలు తగ్గింది కానీ ముఖం పీక్కుపోయింది. పొద్దున ఓట్స్ రెండు చెంచాలు తిని వదిలేస్తున్నారు, పచ్చి మొలకలు తింటే కడుపు ఉబ్బుతోంది. పదకొండు గంటలకు టీ విరామంలో ఆకలికి ఆగలేక ఒక బన్ను, రెండు చెంచాల చక్కెర వేసిన టీ తీసుకుంటున్నారు. ఖాళీ కడుపున మెట్‌ఫార్మిన్ వేసుకున్న రోజుల్లో వికారం. అది చాలదన్నట్టు పక్కింటివాళ్ల మాట విని పరగడుపున కాకరకాయ రసం మొదలుపెట్టారు. ఆమె ఒక మాట అన్నారు: "మేడం, మీరు రాసిచ్చింది మా ఇంట్లో ఎవరికీ రాదు. నాకొక్కదానికి వేరే వండాలంటే అత్తమ్మకు చెప్పలేను, నేను చేసుకోవాలంటే టైము లేదు." ఆ మాట విన్న తర్వాత పట్టికను పక్కన పెట్టి, ఆ ఇంట్లో పొద్దున ఏం జరుగుతుందో మొదటిసారిగా పూర్తిగా అడిగాను.

ఇంట్లో ఐదుగురు. డెబ్బై ఏళ్ల అత్తగారు ఐదున్నరకు లేచి పొయ్యి వెలిగిస్తారు. భర్త ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో గుమాస్తా, పిల్లలిద్దరూ కాలేజీకి వెళతారు. సోమవారం నుంచి శనివారం దాకా ఇడ్లీ, చిత్రాన్నం, ఉప్మా మారుతూ ఉంటాయి, ఆదివారం ఉగ్గాణి, మిరపకాయ బజ్జీలు. షుగరు అని తెలిసినప్పటి నుంచి ఆమె కోసం అత్తగారు ప్రత్యేకంగా రాగిజావ కాస్తున్నారు. "రాగులు షుగరుకు మంచివి, చక్కెర బదులు బెల్లమే వేస్తున్నా" అని ఆ పెద్దామె నమ్మకం. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించినప్పటి నుంచి ఈ నమ్మకం ఊళ్లలోనూ నగరాల్లోనూ మరింత గట్టిపడింది. నేను కూడా ఆ జావను ప్రశ్నించకుండా వదిలేశాను.

జతలుగా కొలవడం

పొద్దుటి పూట మధుమేహం ఉన్నవారికి కష్టమైన పూట. తెల్లవారుజామున శరీరం మేలుకోవడానికి సిద్ధమయ్యేటప్పుడు కార్టిసాల్, గ్రోత్ హార్మోన్ వంటివి పెరుగుతాయి. అవి ఇన్సులిన్ పనిని మందగింపజేస్తాయి, కాలేయం తన దగ్గర ఉన్న గ్లూకోజును రక్తంలోకి వదులుతుంది. అందువల్ల సాయంత్రం తింటే పెద్దగా ఇబ్బంది పెట్టని నాలుగు ఇడ్లీలు పొద్దున తింటే చక్కెరను బాగా పెంచవచ్చు. ఏమీ తినకముందే పరగడుపున ఎక్కువ చూపించే అంకె టిఫిన్ తప్పు కాదు. ముందురోజు రాత్రి భోజనమూ, కాలేయమూ కలిసి రాసే అంకె అది. చాలామంది పరగడుపు అంకెను చూసి భయపడి టిఫిన్ మానేస్తారు. అలా మానేసిన రోజు మధ్యాహ్నం అన్నం తిన్నాక చక్కెర మరింత పైకి పోవడాన్ని నేను ఎన్నోసార్లు చూశాను.

కాబట్టి మేము పెట్టుకున్న పద్ధతి ఇది. వారానికి నాలుగు రోజులు, రోజుకు రెండు కొలతలు: టిఫిన్‌కు ముందు ఒకటి, మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్న క్షణం నుంచి సరిగ్గా రెండు గంటలకు ఇంకొకటి. రెండింటి మధ్య తేడాను మాత్రమే టిఫిన్ ఖాతాలో రాయాలి. వారానికి ఎనిమిది స్ట్రిప్పుల కంటే ఎక్కువ ఖర్చు ఆ ఇంటికి భారమవుతుంది, అందుకే విడివిడిగా ఎప్పుడంటే అప్పుడు కొలవడం మాన్పించాను. ఒంటరి అంకె దేన్నీ చెప్పదు. ఇంట్లో వాడే మీటర్లకు అంతర్జాతీయ ప్రమాణం ప్రకారమే 100కు పైన 15 శాతం దాకా అటూ ఇటూ అయ్యే వెసులుబాటు ఉంది కాబట్టి, పది పదిహేను తేడాను చూసి ఒక వంటకాన్ని మెచ్చుకోవడం గానీ, తిట్టడం గానీ వద్దని ముందే చెప్పాను. ప్రతి వంటకాన్నీ కనీసం రెండుసార్లు కొలవాలని నియమం పెట్టాం. ఇక్కడ నేను ఇచ్చే అంకెలు ఆ రెండు మూడు కొలతల్లో మధ్యస్థంగా వచ్చినవి.

రెండో రోజే ఆమె కంగారుగా ఫోన్ చేశారు, టిఫిన్ తర్వాత 312 వచ్చిందట. అంతకు ముందు ఏం చేశారని అడిగితే కొడుక్కి అరటిపండు ఒలిచి ఇచ్చానన్నారు. సబ్బుతో చేతులు కడుక్కుని, బాగా తుడుచుకుని, వేలి కొసన కాకుండా పక్కన గుచ్చి మళ్లీ చూడమంటే 204 వచ్చింది. వేలికి అంటిన పండు రసం కూడా మీటరుకు చక్కెరే. ఆ తర్వాత ఆమె నోటు పుస్తకంలో ప్రతి అంకె పక్కన "కడిగాను" అని రాసుకోవడం మొదలుపెట్టారు, ఆ అలవాటు ఇప్పటికీ ఉంది.

జావ, రొట్టె, ఉగ్గాణి

మొదట కొలిచింది రాగిజావనే. నేను కిచెన్ తక్కెడ ఇచ్చి పంపాను. గరిటెతో అందాజుగా తీసే పిండి తూకానికి 60 గ్రాములు వచ్చింది, అందులో వేసే బెల్లం 20 గ్రాములు. రాగిపిండిలో మూడింట రెండు వంతులు పిండిపదార్థమే, కాబట్టి బెల్లంతో కలిపి ఆ ఒక్క గ్లాసులో 55 గ్రాములకు పైగా పిండిపదార్థాలు ఉన్నాయి. అది నాలుగు ఇడ్లీల కంటే ఎక్కువ. తాగడానికి పట్టే సమయం ఐదు నిమిషాలు. తాగకముందు 148, రెండు గంటలకు 259. తేడా 111.

ఈ అంకెను చూసి ఆమె కన్నీళ్లు పెట్టుకున్నారు, మంచి చేస్తున్నాననుకున్న అత్తగారికి ఎలా చెప్పాలో తెలియక. ఇక్కడ రాగులను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. రాగుల్లో పీచు ఉంది, 100 గ్రాములకు 350 మిల్లీగ్రాముల దరిదాపుల్లో కాల్షియం ఉంది, ఆమె వయసు ఆడవాళ్లకు అది ఎంతో అవసరం. తప్పు రూపంలో ఉంది. మెత్తగా మరపట్టిన పిండిని నీళ్లలో ఎక్కువసేపు ఉడికిస్తే, దానిలోని పిండిపదార్థం ఉబ్బి జిగురుగా మారి, జీర్ణరసాలకు ఏ అడ్డూ లేకుండా దొరుకుతుంది. నమలాల్సిన పని లేని ద్రవం పొట్టలో నుంచి త్వరగా దిగిపోతుంది. ఊరిలో తాతలు రాగిసంగటి తిని చేలో దున్నడానికి వెళ్లేవారు, పైగా దానితో ఉలవచారో, పప్పో, ఆకుకూరో ఉండేది. ఒట్టి జావ గ్లాసెడు తాగి కుర్చీలో కూర్చోవడం వేరే సంగతి.

బెల్లం తీసేసి, మజ్జిగ కలిపి, అదే 60 గ్రాముల పిండితో జావ తాగితే తేడా 76కు తగ్గింది. అదే తూకం పిండిలో తరిగిన మునగాకు, ఉల్లిపాయ కలిపి పెనం మీద రొట్టె తట్టి, పప్పు శాతం ఎక్కువగా ఉన్న చెనక్కాయల చట్నీతో తింటే 144 నుంచి 196 అయింది, అంటే తేడా 52. పిండి అదే, తూకం అదే, మనిషి అదే. బెల్లం పోవడం, నమలాల్సి రావడం, ఆకు, చట్నీలోని కొవ్వూ మాంసకృత్తులూ కలిసి పెరుగుదలను సగానికి తెచ్చాయి. కోడలి పుస్తకంలో ఈ మూడు అంకెలను పక్కపక్కన చూపించాక అత్తగారు జావ గిన్నెను పక్కన పెట్టారు. పది మాటలు చెప్పినా ఒప్పుకోని పెద్దవాళ్లు తమ చేతి వంట మీద కొలిచిన అంకెను నమ్ముతారని నాకు ఆ రోజు అర్థమైంది.

ఉగ్గాణి సంగతి వేరు. అది అనంతపురం, కర్నూలు వైపు వారికి కేవలం టిఫిన్ కాదు, ఆదివారం పొద్దుటి సంతోషం. బొరుగులు చేతికి తేలిక, అందువల్ల ఎంత తిన్నామో తెలియదు. ఆమె పళ్లెంలోని బొరుగులు 80 గ్రాములు, అందులో 60 గ్రాముల దాకా పిండిపదార్థమే. బియ్యం పేలేటప్పుడు దాని నిర్మాణం విచ్చుకుపోతుంది కాబట్టి అది త్వరగా చక్కెరగా మారుతుంది. 151 నుంచి 263కు పోయింది. నేను ఉగ్గాణిని మానేయమనలేదు. బొరుగులను 40 గ్రాములకు తగ్గించి, పప్పుల పొడిని రెట్టింపు చేసి, వేయించిన చెనక్కాయలు, టమాటా, ఉల్లిపాయ బాగా వేసి, బజ్జీల స్థానంలో ఒక ఉడికించిన గుడ్డు పెడితే తేడా 58 వచ్చింది. రెండు వారాలకు ఒక ఆదివారం అది తింటున్నారు. ఇష్టమైన వంటకాన్ని పూర్తిగా తీసేస్తే అది దొంగచాటుగా తిరిగి వస్తుంది, అప్పుడు దాని కొలత ఎవరి దగ్గరా ఉండదు.

మిగిలినవి త్వరగా చెబుతాను. మసాలా కలిపి అమ్మే రెండు నిమిషాల ఓట్స్ ప్యాకెట్‌కు తేడా 72. పలుచని చట్నీతో నాలుగు ఇడ్లీలకు 85, అవే మూడు ఇడ్లీలు, చిక్కటి పప్పుతో కూరగాయలేసిన సాంబారు, ఒక గుడ్డు కలిపితే 49. కొర్రల ఉప్మా ఒట్టిగా 64, సగం గిన్నె బీన్స్, క్యారెట్, నానబెట్టిన పెసరపప్పుతో చేస్తే 41. శనివారం ఆ ఇంట్లో గుడ్డు ముట్టరు, ఆ రోజు గుడ్డు స్థానంలో పెరుగు, వేయించిన శనగలు వచ్చాయి.

పెసరట్టు దగ్గర ఆగడం

ఐదో వారంలో నేను అత్తగారిని క్లినిక్‌కు రమ్మని కబురు పంపాను. ఆమె కూర్చుంటూనే, "మా కాలంలో పొద్దున్నే సంగటి తిని చేనికాడికి పోతాంటిమి. అప్పుడు లేని షుగరు ఇప్పుడెందుకొచ్చె?" అని అడిగారు. ఆ ప్రశ్నలోనే సమాధానం సగం ఉంది, చేనికాడికి పోవడం ఆగిపోయిందని చెప్పాను. ఆమె ఇంకో మాట కూడా చెప్పారు: "ఇద్దరికి రెండు పొయ్యిలు పెట్టలేను తల్లీ." నిజానికి ఈ కేసు మొత్తానికి అదే అసలు షరతు. కోడలికి పనికొచ్చే టిఫిన్, మనవలు కూడా పేచీ లేకుండా తినేది, ఒకే పిండితో అయ్యేది, ముందురోజు సాయంత్రమే సగం పని ముగిసేది కావాలి. నేను ఇచ్చిన ఓట్స్, మొలకల పట్టిక ఈ నాలుగింటిలో ఒక్కదానికీ నిలబడదు.

పెసరట్టు పేరు నేను చెప్పలేదు, ఆమే చెప్పారు. పెళ్లైన కొత్తలో చేసేదాన్ననీ, పిల్లలు దోశ అడగడంతో మానేశాననీ అన్నారు. పొట్టుతో ఉన్న పెసల్లో 100 గ్రాములకు 22 నుంచి 24 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి, పొట్టు వల్ల పీచు కూడా బాగా ఉంటుంది. 60 గ్రాముల పెసలతో ఆమెకు రెండు అట్లు వస్తాయి. అందులో మాంసకృత్తులు 13, 14 గ్రాములు, పిండిపదార్థాలు 30 గ్రాముల చుట్టూ. అత్తగారి పద్ధతిలో కరకరలాడటానికి గుప్పెడు బియ్యం పడుతుంది. బియ్యం లేకుండా అట్టు మెత్తబడుతుందని ఆమె పట్టుబట్టారు, అది నిజమే కూడా. పెసలను ఎక్కువసేపు నాననివ్వకుండా నాలుగైదు గంటలకే తీసి, కాస్త బరకగా రుబ్బి, పెనం బాగా కాలాక పలుచగా తిప్పి, సెగ తగ్గించి నిదానంగా కాల్చడంతో ఆ సమస్య చాలావరకు తీరింది. మూడోసారికి బియ్యం లేకుండానే అంచులు లేచి వచ్చాయని ఆమె ఎంతో సంబరంగా చెప్పారు.

మొదటి కొలత 139 నుంచి 172. తేడా 33. ఆ రోజు నేను కూడా తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాను. కానీ అదే అట్టులో ఉప్మా పెట్టి తిన్న రోజు తేడా 74 అయింది, ఎందుకంటే అందులోని కప్పు బొంబాయి రవ్వ ఇంకొక పూట టిఫిన్‌తో సమానం. అల్లం పచ్చడిలో పడే బెల్లం ముద్దను కూడా లెక్కపెట్టాల్సి వచ్చింది. దానికి బదులు టమాటా, పచ్చిమిర్చి, చెనక్కాయలతో రోటిపచ్చడి చేశారు. మంగళవారం, శుక్రవారం సాయంత్రాలు పెసలు నానబెట్టి, పడుకునే ముందు రుబ్బి ఫ్రిజ్‌లో పెడితే రెండేసి రోజులు వస్తుంది. కొడుక్కి మూడు అట్లు, మధ్యలో ఉప్మా. ఆమెకు రెండు, మధ్యలో ఉల్లిపాయ, జీలకర్ర. పిండి ఒకటే, పెనం ఒకటే.

వారంలో మిగిలిన రోజులకు అలసందల గుగ్గిళ్లు కూడా ప్రయత్నించాం. తేడా 31, అన్నింటికంటే తక్కువ. కానీ రెండోసారికే కడుపులో వాయువు చేరి ఫ్యాక్టరీలో ఇబ్బంది పడ్డారు. అంకె ఎంత బాగున్నా మనిషి తినలేని ఆహారం మంచి ఆహారం కాదు, కాబట్టి వాటిని ఆదివారం సాయంత్రానికి చిన్న గిన్నెడుగా మార్చాం. డిసెంబరు, జనవరి నెలల్లో బెంగళూరు సంతల్లో గుట్టలుగా వచ్చే అవరెకాళు, అంటే మన అనపగింజలు, ఆమె కడుపుకు బాగా సరిపోయాయి. ఉప్మాలో రవ్వను సగం చేసి, ఆ సగం స్థానంలో ఉడికించిన అనపగింజలు వేసి తింటే తేడా 43. పితికిన పప్పు చేసే చేతులకు అది కొత్త పనేమీ కాదు.

బయట తినాల్సి వచ్చే రోజులు కూడా ఉంటాయి. పాలు విరిగినా, గ్యాస్ అయిపోయినా ఆమె దారిలోని దర్శిని హోటల్లో నిలబడి తింటారు. ఖారా బాత్ (రవ్వ ఉప్మా), కేసరి బాత్ (తీపి రవ్వ కేసరి) కలిపి ఇచ్చే చౌచౌ బాత్ ఆమెకు అలవాటు, దాన్ని కొలవాల్సిన అవసరం కూడా లేదని ఇద్దరం ఒప్పుకున్నాం. రెండు ఇడ్లీలు, ఒక వడ తింటే తేడా 61 వచ్చింది, నేను అనుకున్న దానికంటే ఎక్కువ. విచారిస్తే ఆమె సాంబారు రెండుసార్లు పోయించుకున్నారు. బెంగళూరు హోటళ్ల సాంబారులో బెల్లం పడుతుంది, దాని తీపి మన నాలుకకు వెంటనే తెలుస్తుంది కూడా. అదే పళ్లెం, సాంబారు లేకుండా కొబ్బరి చట్నీతో తిన్నప్పుడు 47 వచ్చింది. వడ నూనెలో వేగినది కాబట్టి దాన్ని రోజూ తినమని నేను చెప్పను, నెలకు మూడు నాలుగు సార్లకు ఫరవాలేదు.

ఆదివారపు అంకెలు

ఏడో వారంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన విషయం బయటపడింది. అదే పెసరట్టు, అదే తూకం, అదే పచ్చడి, కానీ ఆదివారం నాడు తేడా 62. మరుసటి ఆదివారం కూడా 59. మొదట బియ్యం కలిపారేమోననుకున్నాను, కలపలేదు. నిద్ర, మందు, రాత్రి భోజనం అన్నీ అడిగాను. చివరకు ఆమే అన్నారు: "ఆదివారం నేను నడవను కదా మేడం." పనిరోజుల్లో ఆమె ఏడు గంటలలోపు తిని, ఎనిమిదింపావుకు బయలుదేరి పాతిక నిమిషాలు నడిచి ఫ్యాక్టరీకి చేరుకుంటారు. రెండో కొలత గేటు దగ్గర, షిఫ్టు మొదలయ్యే ముందు తీసుకునేది. నడిచేటప్పుడు కాళ్ల కండరాలు ఇన్సులిన్‌పై పెద్దగా ఆధారపడకుండానే గ్లూకోజును లాక్కుంటాయి. అంటే అప్పటిదాకా మేము పనిరోజుల్లో పెసరట్టుకు ఇచ్చిన మార్కుల్లో కొన్ని నడకవి.

అందుకని పాత లెక్కలను కూడా తిరగేశాను. ఉగ్గాణిని మొదటిసారి కొలిచింది ఆదివారమే. అంటే దాని పెరుగుదలలో కూడా కొంత భాగం నడక లేకపోవడం వల్ల వచ్చినదే. తర్వాత ఆదివారాల్లో తిన్న అరగంటకు పదిహేను నిమిషాలు వీధి చివరి గుడిదాకా వెళ్లి రమ్మన్నాను. పెసరట్టు తేడా 38కి దిగింది. టిఫిన్‌ను ఎంచుకునేటప్పుడు, తిన్న తర్వాతి అరగంట ఎలా గడుస్తుందో కూడా అడగాలని ఆ రోజు నుంచి నా కేసు ఫారంలో ఒక గడి చేర్చాను.

టీ విరామపు బన్ను దానంతట అదే పోయింది. పొద్దున మాంసకృత్తులు సరిగ్గా పడ్డ రోజుల్లో పదకొండు గంటలకు ఆకలి వేయడం లేదని ఆమె మూడో వారంలోనే చెప్పారు. చేతిసంచిలో గుప్పెడు వేయించిన శనగలు ఉంచుకుంటారు. టీలో చక్కెరను రెండు చెంచాల నుంచి ఒకటికి, ఒకటి నుంచి అరకు, తర్వాత పూర్తిగా తగ్గించడానికి నెల పట్టింది. కాకరకాయ రసం మానేశారు. మెంతులు నానబెట్టిన నీళ్లు ఇష్టమైతే తాగమన్నాను, కానీ అది మందు మాత్రకు బదులు కాదని డాక్టరూ నేనూ ఇద్దరం చెప్పాం.

మూడు నెలల తర్వాత

పన్నెండు వారాలకు బరువు 62.8 కిలోలు, నడుము 87 సెంటీమీటర్లు, హెచ్‌బీఏ1సీ 7.1. టిఫిన్ తర్వాత రెండు గంటల అంకెలు ఎక్కువగా 150 నుంచి 175 మధ్య ఉన్నాయి, 180 లోపు ఉంచాలన్నది మా లక్ష్యం. కళ్లద్దాల పవరు స్థిరపడింది. మెట్‌ఫార్మిన్, నడక, రాత్రి భోజనాన్ని పది గంటల నుంచి ఎనిమిదికి జరపడం, టిఫిన్ మార్పు, ఈ నాలుగూ ఒకేసారి జరిగాయి కాబట్టి ఇందులో పెసరట్టు వాటా ఇంత అని నేను చెప్పలేను, చెప్పకూడదు కూడా. ఒకరిని గమనించి రాసిన ఈ కొలతలు మరొకరికి అలాగే వస్తాయని కూడా అనుకోకూడదు. మరొకరి విషయంలో రాగిరొట్టె పెసరట్టు కంటే మెరుగ్గా కనిపించవచ్చు, నేను అలాంటి వారిని కూడా చూశాను. ఇంకొకరికి పని చేసేది ఈ అంకెలు కాదు, తక్కెడ, నోటు పుస్తకం, జతలుగా తీసే కొలతలు, అవి తీసేటప్పుడు వంట చేసే మనిషి కూడా ఎదురుగా ఉండటం.

పరగడుపు అంకె మాత్రం ఇంకా 120 నుంచి 128 మధ్యే ఉంటోంది. దానికి టిఫిన్‌లో చేయగలిగింది ఏమీ లేదని ఆమెకు వివరించాను. తర్వాతి మూడు నెలలకు ఆమె రాత్రి భోజనాన్ని అదే విధంగా తక్కెడ మీద పెడుతున్నాం. మొదటి వారం అన్నం 180 గ్రాములు అని రాశారు, పక్కన "కడిగాను" అని కూడా.